యూకేలో వీధిలో కారు పెట్టాలంటే: కౌన్సిల్ బోర్డు చదవడం నుంచి టికెట్ మీద కొట్లాడటం దాకా

కొత్తగా యూకే వచ్చినవాళ్ళు కారు కొనేముందు ఇన్సూరెన్స్ గురించి అడుగుతారు, లైసెన్స్ మార్చుకోవడం గురించి అడుగుతారు, ఆటోమేటిక్ తీసుకోవాలా మాన్యువల్ తీసుకోవాలా అని ఫ్రెండ్స్ అందరి బుర్రా తింటారు, కానీ ఆ కారు రాత్రికి ఎక్కడ పెడతాం అన్న సంగతి మాత్రం మొదటి టికెట్ అద్దం మీద కనబడేదాకా ఎవరికీ గుర్తు రాదు. మన ఊళ్ళో గేటు ముందు ముగ్గు పడినంత మేరా మనదే అన్న లెక్క ఉంటుంది కదా, ఇక్కడ అది నడవదు. ఇంటి ముందు రోడ్డు కౌన్సిల్‌ది, అంటే మన మునిసిపాలిటీ లాంటి స్థానిక సంస్థది. మీ కిటికీ కింద ఎవడో వారం రోజులు కారు పెట్టి పోయినా, ఆ వీధిలో రిస్ట్రిక్షన్ లేకపోతే వాడికి పూర్తి హక్కు ఉంది, మీరు కోన్లు, చెత్త డబ్బాలు అడ్డం పెట్టి స్థలం ఆపుకుంటే తప్పు మీదే అవుతుంది.

ఇక్కడ రాసేది ఇంగ్లండ్ రూల్స్, అందులోనూ లండన్, దాని చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఎక్కువ పనికొచ్చేవి. స్కాట్లండ్‌లో కొన్ని తేడాలు ఉంటాయి.

మొదటి పని: ఇల్లు అద్దెకి తీసుకోకముందే చూసుకోవాల్సింది

ఏ ఇల్లైనా ఫైనల్ చేసేముందు ఆ పోస్ట్‌కోడ్ ఏ కౌన్సిల్ కిందకి వస్తుందో చూసి, ఆ కౌన్సిల్ వెబ్‌సైట్‌లో పార్కింగ్ పేజీకి వెళ్ళి ఆ వీధి కంట్రోల్డ్ పార్కింగ్ జోన్‌లో (రాసిన టైమ్‌లో పార్కింగ్ మీద ఆంక్షలుండే ప్రాంతంలో) ఉందా, ఉంటే ఏ జోన్, ఏ టైమింగ్స్, పర్మిట్ ఎంత అని చూడండి. లండన్‌లో ఒక్కో బరోది (ఒక్కో కౌన్సిల్ ప్రాంతాన్ని అలా అంటారు) ఒక్కో రేటు, ఒక్కో పద్ధతి. ఈస్ట్ హామ్ న్యూహామ్ కౌన్సిల్ కింద ఉంటుంది, ఆ పక్కనే ఉన్న ఇల్ఫర్డ్‌కి వెళ్తే రెడ్‌బ్రిడ్జ్, ఒకరి పర్మిట్ ఇంకొకరి దగ్గర చెల్లదు. అదే కౌన్సిల్‌లో కూడా పక్క జోన్‌లో చెల్లదు, అంటే మీ వీధి చివర జోన్ మారిపోతే ఆ మలుపు తిరిగాక మీరూ బయటివాళ్ళే. చాలా కౌన్సిల్స్‌లో రేటు కారు వదిలే పొగని బట్టి ఉంటుంది, పాత డీజిల్ కారుకి అదనంగా వేస్తారు, రెండో కారుకి ఇంకా ఎక్కువ. చవగ్గా వస్తుందని పాత డీజిల్ బండి కొనేముందు ఇది కూడా లెక్కలో వేసుకోండి.

అన్నిటికంటే పెద్ద గుంట ఇక్కడ ఉంది, జాగ్రత్తగా చదవండి. కొత్తగా కట్టిన ఫ్లాట్స్‌లో చాలావాటికి కార్-ఫ్రీ అనే షరతు మీద ప్లానింగ్ పర్మిషన్ ఇస్తారు. బిల్డర్ కౌన్సిల్‌తో అగ్రిమెంట్ రాసుకుంటాడు, ఆ బిల్డింగ్‌లో ఉండేవాళ్ళకి వీధి పర్మిట్ ఇవ్వరు, అంతే, మీరు ఎంత డబ్బు కడతానన్నా ఇవ్వరు. లెటింగ్ ఏజెంట్‌ని అడిగితే "బయట పెట్టుకోవచ్చు, పర్మిట్ దొరుకుతుంది" అని నవ్వుతూ చెప్పేస్తాడు, వాడికేం పోయింది. డిపాజిట్ కట్టాక తెలిస్తే మీరు నెలనెలా ప్రైవేటు పార్కింగ్ స్పేస్‌కి డబ్బులు పోయాల్సిందే. అందుకని ఫ్లాట్ నంబర్‌తో సహా పూర్తి అడ్రస్ రాసి కౌన్సిల్ పార్కింగ్ టీమ్‌కి ఈమెయిల్ పెట్టి "ఈ అడ్రస్‌కి రెసిడెంట్ పర్మిట్ వస్తుందా" అని అడగండి, జవాబు రాతలో వచ్చాకే సంతకం పెట్టండి.

పర్మిట్ ఉన్నంత మాత్రాన ఖాళీ దొరుకుతుందన్న గ్యారంటీ లేదని కూడా ఇప్పుడే మనసులో పెట్టుకోండి. రాత్రి తొమ్మిదింటికి ఒకసారి వెళ్ళి ఆ వీధి చూసి రండి, పగలు ఖాళీగా కనిపించిన వీధి రాత్రి ఎలా ఉంటుందో అర్థమవుతుంది.

రెండోది: బోర్డులు, గీతలు ఏ వరసలో చదవాలి

చాలామంది ఆగిన చోట పక్కన ఉన్న బోర్డు ఒక్కటే చూస్తారు, అది సరిపోదు. వరస ఇలా పెట్టుకోండి: జోన్ లోపలికి వచ్చేటప్పుడు రోడ్డుకి అటూ ఇటూ ఉండే పెద్ద బోర్డు, తర్వాత కింద గీత, తర్వాత కెర్బ్ (ఫుట్‌పాత్ అంచు రాయి) మీద గుర్తులు, చివరికి పక్కనున్న చిన్న బోర్డు.

జోన్ ఎంట్రీ బోర్డు ఎందుకంత ముఖ్యం అంటే, కంట్రోల్డ్ జోన్ లోపల సింగిల్ ఎల్లో లైన్ దగ్గర విడిగా బోర్డు పెట్టాల్సిన అవసరం లేదు, ఆ లైన్ టైమింగ్స్ జోన్ టైమింగ్సే అయితే. అంటే మీరు కారు ఆపి అటూ ఇటూ చూసి "ఇక్కడ బోర్డేమీ లేదు కదా" అనుకుని వెళ్ళిపోతారు, బోర్డు మాత్రం మీరు రెండు వీధుల వెనక దాటేసి వచ్చారు. టికెట్ పడ్డాక బోర్డు లేదు అని వాదిస్తే నిలబడదు.

డబుల్ ఎల్లో అంటే ఎప్పుడూ పెట్టకూడదు, అర్ధరాత్రైనా ఆదివారమైనా క్రిస్మస్ అయినా. దానికి పక్కన బోర్డు ఉండక్కర్లేదు. సింగిల్ ఎల్లో అయితే రాసిన టైమ్‌లోనే. ఈ ఎల్లో లైన్ల మీద మనుషుల్ని ఎక్కించుకోవడానికి, దింపడానికి కాసేపు ఆగొచ్చు, సామాను ఎక్కించి దించుకోవచ్చు కూడా, కానీ కెర్బ్ మీద అడ్డంగా పసుపు గీతలు ఉంటే ఆ సామాను పని కూడా కుదరదు, ఒక గీత ఉంటే బోర్డులో రాసిన టైమ్‌లో, రెండేసి గీతలు ఉంటే ఎప్పుడూ కుదరదు. సామాను అంటే నిజంగా సామాను, బియ్యం బస్తాలు దించుకోవడం లాంటిది, కారు అక్కడ పెట్టి లోపలికి వెళ్ళి టీ తాగడం కాదు. లండన్‌లో ఎర్ర గీతలు కనిపిస్తే అవి కౌన్సిల్ కంటే ఎక్కువగా ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ వాళ్ళ రూట్లు, డబుల్ రెడ్ మీద ఆగడమే తప్పు, కెమెరా పట్టేస్తుంది, టికెట్ పోస్టులో ఇంటికొస్తుంది.

తెల్ల గీతలతో గీసిన డబ్బాలే బేలు. ఒక్కో బే పక్కన బోర్డు ఉంటుంది: పర్మిట్ ఉన్నవాళ్ళకే అని ఉండొచ్చు, పర్మిట్ లేదా ఫోన్‌లో డబ్బు కట్టినవాళ్ళు అని ఉండొచ్చు, లేదా ఒక గంట ఫ్రీ, వెళ్ళాక రెండు గంటల దాకా మళ్ళీ రాకూడదు అని ఉండొచ్చు. బోర్డు మీద బాణం ఏ వైపు చూపిస్తోందో చూడండి, ఒకే స్తంభానికి రెండు బోర్డులు ఉండి రెండు బాణాలు రెండు వైపులా చూపిస్తుంటే రెండు వైపులా రూల్ వేరు. ఏ వారమో (సోమ, మంగళ అలా) రాయకపోతే రోజూ అని, టైమ్ రాయకపోతే ఇరవై నాలుగు గంటలూ అని అర్థం. కొన్ని చిన్న వీధుల్లో అసలు డబ్బాలు గీయరు, వీధి మొదట్లో "ఈ పాయింట్ దాటాక పర్మిట్ హోల్డర్స్ మాత్రమే" అని ఒక బోర్డు పెట్టి వదిలేస్తారు, లోపలంతా మామూలు రోడ్డులాగే ఉంటుంది, మన మూర్తిగారో రావుగారో వాళ్ళింటికి డిన్నర్‌కి వెళ్ళినవాళ్ళు ఎక్కువగా దొరికేది ఇక్కడే.

స్టేషన్‌కి దగ్గరున్న శివారు వీధుల్లో రోజుకి ఒక్క గంట, పది నుంచి పదకొండు అలా, రిస్ట్రిక్షన్ కనిపిస్తుంది. ఒక గంటకి ఇంత హడావుడి ఎందుకు అనిపిస్తుంది గానీ అందులో తెలివి ఉంది, పొద్దున్న కారు పెట్టి ట్రైన్ ఎక్కి సాయంత్రం దాకా రాని వాళ్ళని ఆపడానికి ఆ ఒక్క గంట చాలు. మధ్యాహ్నం మీ ఇంటికొచ్చే చుట్టాలకి ఏ ఇబ్బందీ ఉండదు. నన్నడిగితే పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి తొమ్మిది దాకా పెట్టే జోన్ల కంటే ఇదే నయం.

బ్యాంక్ హాలిడే రోజు ఫ్రీ అని గుడ్డిగా నమ్మకండి. కొన్ని కౌన్సిల్స్ వదిలేస్తాయి, కొన్ని వదలవు, వెబ్‌సైట్‌లో రాసి ఉంటుంది. స్టేడియం పక్కన ఉంటే ఇంకో తలనొప్పి, వెంబ్లీ చుట్టూ, ఎమిరేట్స్ చుట్టూ మ్యాచ్ రోజుల్లో మామూలు టైమింగ్స్ కాకుండా ఈవెంట్ డే టైమింగ్స్ ఉంటాయి, ఆ తేదీలు బోర్డుల మీద, కౌన్సిల్ సైట్‌లో పెడతారు.

బోర్డు లేకపోయినా టికెట్ పడే చోట్లు

ఇవి ఎవరూ చెప్పరు. ఒకటి, కెర్బ్ కిందకి దించిన చోటు, అంటే డ్రైవ్‌వే ముందు, వీల్‌చెయిర్లు దాటే చోట. దానికి గీత, బోర్డు ఏదీ అక్కర్లేదు. ఒకే ఇంటి డ్రైవ్‌వే అయి ఆ ఇంటివాళ్ళ పర్మిషన్ ఉంటే ఫర్వాలేదు. డ్రైవ్‌వే ముందు కనిపించే తెల్లటి పొడుగు హెచ్ ఆకారం గీత ఉత్త హెచ్చరిక మాత్రమే, అసలు రూల్ దించిన కెర్బ్‌ది.

రెండు, ఫుట్‌పాత్. లండన్‌లో 1974 చట్టం నుంచి ఫుట్‌పాత్ మీద రెండు చక్రాలు ఎక్కించడం కూడా నిషేధం, కారు సగం ఎక్కినట్టు బొమ్మ ఉన్న నీలం బోర్డు ఉన్న చోట మాత్రమే ఓకే. స్కాట్లండ్‌లో 2023 డిసెంబర్ నుంచి కౌన్సిల్స్‌కి దీనిమీద ఫైన్ వేసే అధికారం వచ్చింది. మిగతా ఇంగ్లండ్‌లో అలా మొత్తంగా బ్యాన్ లేదు కాబట్టి లీడ్స్ నుంచో మాంచెస్టర్ నుంచో లండన్‌కి మారినవాళ్ళు పాత అలవాటుతో ఎక్కించేస్తారు.

మూడు, పక్కన ఆగిన కారుకి పక్కన ఇంకో వరస పెట్టడం, కెర్బ్‌కి 50 సెంటీమీటర్ల కంటే దూరంగా ఆపితే డబుల్ పార్కింగ్ కింద రాయొచ్చు. ఇక జంక్షన్‌కి 10 మీటర్ల లోపల పెట్టొద్దని హైవే కోడ్ (ఇక్కడి రోడ్డు రూల్స్ పుస్తకం) చెప్తుంది, స్కూల్ ముందు పసుపు జిగ్‌జాగ్ గీతల జోలికి అసలు పోవద్దు, పిల్లల్ని దింపే ఒక్క నిమిషానికే కెమెరా పట్టుకుంటుంది. రాత్రిపూట వీధిలో ట్రాఫిక్‌కి ఎదురు ముఖంగా పెట్టకూడదన్న రూల్ కూడా ఉంది, బే లోపలైతే సరే.

నలుగురూ పెట్టారు కదా అని మనం కూడా పెట్టడం, ఇదే అసలు జబ్బు. ఆ నలుగురికీ పర్మిట్ ఉండి ఉండొచ్చు, లేదా ఆ నలుగురికీ కూడా టికెట్ పడొచ్చు.

పర్మిట్ తీసుకోవడం

మామూలుగా అంతా ఆన్‌లైనే. కౌన్సిల్ సైట్‌లో అకౌంట్ తెరిచి, కారు నంబర్ ఇచ్చి, మీరు అక్కడ ఉంటున్నట్టు ప్రూఫ్ పెట్టాలి: కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు గానీ టెనెన్సీ అగ్రిమెంట్ గానీ. కారు మీ పేరున ఉందని చూపించడానికి వి5సి లాగ్‌బుక్ (మన ఆర్సీ లాంటిది), అందులో ఇదే అడ్రస్ ఉండాలి. కంపెనీ కారో లీజ్ కారో అయితే మీరు వాడుతున్నట్టు కంపెనీ లెటర్ అడుగుతారు. ఇక్కడ ఇరుక్కునేది ఎక్కువగా లాగ్‌బుక్ దగ్గర, అందుకని ఇల్లు మారిన రోజే డివిఎల్ఏలో (బళ్ళ రిజిస్ట్రేషన్, లైసెన్సులు చూసే ప్రభుత్వ సంస్థ) అడ్రస్ మార్చేయండి, ఫ్రీ, ఆన్‌లైన్‌లో అయిపోతుంది, మార్చకపోతే 1000 పౌండ్ల దాకా ఫైన్ వేయొచ్చు. అంతకంటే ముఖ్యం, టికెట్ల తాలూకు నోటీసులు ఆ అడ్రస్‌కే వెళ్తాయి, పాత ఇంట్లో ఎవరో వాటిని చెత్తలో వేస్తుంటారు, మీకు తెలిసేసరికి బెయిలిఫ్ (బాకీ వసూలుకి వచ్చేవాడు) తలుపు దగ్గర ఉంటాడు.

ఇప్పుడు చాలాచోట్ల అద్దానికి అంటించే కాగితం లేదు, వార్డెన్ (టికెట్లు రాసే మనిషి) కారు నంబర్ కొట్టి చూసుకుంటాడు. కాబట్టి కారు మార్చినా, గ్యారేజీవాడు రిపేరుకి తీసుకుని కర్టసీ కారు ఇచ్చినా, ఆ రోజే వెళ్ళి పర్మిట్‌లో నంబర్ మార్చుకోవాలి. ఎక్స్‌పైరీ డేట్ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి, రిమైండర్ ఈమెయిల్ స్పామ్‌లో పడితే కౌన్సిల్ బాధ్యత కాదు.

ఇంటికి జనం వస్తే, మనం ఇండియా వెళ్తే

శనివారం సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నారు, పది కార్లు వస్తాయి. ముందు మీ జోన్ శనివారం పనిచేస్తుందా చూడండి, చాలా జోన్లు సోమ నుంచి శుక్ర వరకే. పనిచేస్తే విజిటర్ పర్మిట్లు కావాలి, కొన్నిచోట్ల గీకే కార్డులు, చాలాచోట్ల ఇప్పుడు డిజిటల్, రింగ్‌గో లాంటి యాప్‌లో గంటల లెక్కనో రోజు లెక్కనో కొనుక్కోవాలి. ఏడాదికి ఇన్నే అని లిమిట్ ఉంటుంది, కాబట్టి వ్రతం ముందు రోజు రాత్రి కాదు, వారం ముందే ఎన్ని మిగిలాయో చూసుకోండి. వచ్చేవాళ్ళని ముందే నంబర్ ప్లేట్ ఫోటో పంపమనండి, నోటితో చెప్పించుకోకండి, సున్నాకి ఓ అక్షరం, ఒకటికి ఐ పడితే సిస్టమ్‌లో ఆ కారు లేనట్టే. పిలిచేటప్పుడే మీ జోన్ పేరు, బే ఎలా ఉంటుందో రెండు ముక్కలు మెసేజ్ పెట్టేయండి, హారతి టైమ్‌లో "అన్నయ్యా కారు తీయాలంట" అని ఒక్కొక్కళ్ళు లేచి పోకుండా ఉంటారు.

నెలరోజులు ఇండియా వెళ్తున్నప్పుడు కారు వీధిలో వదిలేస్తాం కదా, దాంట్లో రెండు చిక్కులున్నాయి. కౌన్సిల్ ఎప్పుడైనా చెట్లు కొట్టడానికో గ్యాస్ పైపులకో బేని సస్పెండ్ చేయొచ్చు, స్తంభానికి తేదీలతో పసుపు బోర్డు కడతారు, ఆ రోజుల్లో పర్మిట్ ఉన్నా చెల్లదు, టికెట్ వేస్తారు, కారు ఎత్తుకుపోవచ్చు కూడా. పక్కింటివాళ్ళకో ఫ్రెండ్‌కో తాళం ఇచ్చి వారానికోసారి చూడమనండి. రెండోది, ట్యాక్స్ మిగులుతుందని సోర్న్ చేసేసి (కారు రోడ్డు మీద వాడటం లేదని డివిఎల్ఏకి చెప్పేసి) వీధిలో వదిలేయడం, అది కుదరదు, సోర్న్ చేసిన కారు పబ్లిక్ రోడ్డు మీద ఉండకూడదు, ప్రైవేటు స్థలంలోనే ఉండాలి, పర్మిట్ ఉన్నా సరే.

టికెట్ పడింది, ఇప్పుడు?

ముందు అది ఎవరిచ్చారో చూడండి. కౌన్సిల్ ఇచ్చేది పెనాల్టీ చార్జ్ నోటీస్. సూపర్‌మార్కెట్ స్థలంలోనో ప్రైవేటు ఎస్టేట్‌లోనో కంపెనీలు ఇచ్చేది పార్కింగ్ చార్జ్ నోటీస్. రెండింటినీ పిసిఎన్ అనే అంటారు, కవర్ కూడా కావాలని ఒకేలా చేస్తారేమో అనిపిస్తుంది, కానీ చట్టం వేరు, అప్పీల్ దారి వేరు. ఇక్కడ చెప్పేది కౌన్సిల్‌ది. ఫోన్‌కి లింక్‌తో "పార్కింగ్ ఫైన్ కట్టండి" అని వచ్చే మెసేజ్‌లు మోసం, లింక్ నొక్కకుండా కౌన్సిల్ సైట్‌కి మీరే వెళ్ళి టికెట్ నంబర్ కొట్టి చూడండి, వార్డెన్ తీసిన ఫోటోలు కూడా అక్కడే కనిపిస్తాయి.

లండన్ బయట మామూలుగా 70 లేదా 50 పౌండ్లు, పర్మిట్ బేలో పర్మిట్ లేకుండా పెట్టడం, ఎల్లో లైన్ లాంటివి ఎక్కువ రేటు, టైమ్ దాటిపోవడం లాంటివి తక్కువ రేటు. లండన్‌లో 2025 ఏప్రిల్ నుంచి పెంచారు, 160 పౌండ్ల దాకా వెళ్తుంది. 14 రోజుల్లో కడితే సగమే, కెమెరా టికెట్ పోస్టులో వస్తే ఆ సగం రేటుకి 21 రోజులు ఇస్తారు. లైసెన్స్ మీద పాయింట్లు పడవు, క్రిమినల్ కేసు కాదు, భయపడకండి.

తప్పు మనదే అని తెలిస్తే సగం కట్టేసి వదిలేయండి, వాదన కోసం వాదన వేస్ట్. లేదూ అన్యాయం అనిపిస్తే కట్టొద్దు, ఎందుకంటే కట్టిన మరుక్షణం కేసు క్లోజ్. కారు దగ్గర ఉండగానే ఫోటోలు తీయండి: గీత అరిగిపోయిందా, బోర్డు చెట్టు కొమ్మ వెనక దాక్కుందా, బోర్డు ఒకటి చెప్తుంటే బే ఇంకోటి చెప్తోందా, దూరం నుంచి ఒకటి, దగ్గర్నుంచి ఒకటి, టైమ్ కనపడేలా. 14 రోజుల లోపలే ఇన్‌ఫార్మల్ చాలెంజ్ రాయండి, కౌన్సిల్ కాదన్నా మామూలుగా సగం రేటు ఛాన్స్ మళ్ళీ ఇస్తారు. కథ పొడుగ్గా రాయకండి, "ఫలానా తేదీన ఫలానా వీధిలో బోర్డు ఇలా ఉంది, ఫోటో జత చేశాను, కాబట్టి తప్పు జరగలేదు" అంతే. డబ్బు కట్టిన బేలో టైమ్ అయ్యాక 10 నిమిషాల గ్రేస్ చట్టంలోనే ఉంది, అది ఎల్లో లైన్‌కి వర్తించదు.

కౌన్సిల్ ఒప్పుకోకపోతే, మీరు కట్టకపోతే, కారు ఎవరి పేరున ఉందో వాళ్ళకి నోటీస్ టు ఓనర్ వస్తుంది. దానికి 28 రోజుల్లో ఫార్మల్‌గా రాయాలి, కౌన్సిల్ 56 రోజుల్లో జవాబివ్వకపోతే మీరు గెలిచినట్టే. కాదని రాస్తే 28 రోజుల్లో స్వతంత్ర ట్రిబ్యునల్‌కి వెళ్ళొచ్చు, లండన్‌లో అయితే లండన్ ట్రిబ్యునల్స్, మిగతా ఇంగ్లండ్, వేల్స్‌కి ట్రాఫిక్ పెనాల్టీ ట్రిబ్యునల్. ఫీజు లేదు, ఆన్‌లైన్‌లో గానీ ఫోన్‌లో గానీ అయిపోతుంది, లాయర్ అక్కర్లేదు. కాకపోతే ఇక్కడిదాకా వచ్చి ఓడితే సగం కాదు పూర్తిది కట్టాలి, అది ఆలోచించుకుని వెళ్ళండి.

అన్నిటికంటే చెత్త ఐడియా ఏంటంటే కాగితం డ్రాయర్‌లో పడేయడం. నోటీస్‌ని పట్టించుకోకపోతే చార్జ్ సర్టిఫికెట్ వచ్చి మొత్తం 50 శాతం పెరుగుతుంది, 70 కాస్తా 105 అవుతుంది, తర్వాత నార్తాంప్టన్‌లోని ట్రాఫిక్ ఎన్‌ఫోర్స్‌మెంట్ సెంటర్‌లో బాకీగా రిజిస్టర్ చేస్తారు, ఆ తర్వాత బెయిలిఫ్‌లు, వాళ్ళ ఫీజులు వేరే. నిజంగానే నోటీస్ మీకు అందకపోయి ఉంటే టిఇ9 అనే ఫారం వేసి ఆ విషయం చెప్పొచ్చు, కేసు వెనక్కి వెళ్తుంది, కానీ అబద్ధం రాస్తే అది వేరే నేరం.

వీధి రూల్సే మార్చాలనిపిస్తే

స్టేషన్ జనం మీ వీధి నింపేస్తుంటే, లేదా కౌన్సిల్ కొత్తగా జోన్ పెడుతుంటే, మీ మాటకి విలువ ఉంది. జోన్ కావాలంటే ఇరుగుపొరుగు సంతకాలతో పిటిషన్ పెట్టి మీ వార్డు కౌన్సిలర్‌కి రాయండి. కౌన్సిల్ ముందు మామూలుగా అభిప్రాయం అడుగుతుంది, తర్వాత ట్రాఫిక్ ఆర్డర్ (ఆ వీధి రూల్స్‌కి చట్టబలం ఇచ్చే ఉత్తర్వు) డ్రాఫ్ట్ నోటీస్ వేసి అభ్యంతరాలకి 21 రోజులు ఇస్తుంది. పర్మిట్ రేట్లు బాగా పెంచినా ఊరుకోనక్కర్లేదు. 2011లో లండన్‌లోని బార్నెట్ కౌన్సిల్ రెసిడెంట్ పర్మిట్ 40 నుంచి 100 పౌండ్లకి, విజిటర్ వోచర్ 1 నుంచి 4 పౌండ్లకి పెంచితే అక్కడి నివాసి ఒకాయన హైకోర్టుకి వెళ్ళాడు, ఖజానా నింపుకోవడానికి పార్కింగ్ రేట్లు పెంచకూడదని 2013లో కోర్టు ఆయన పక్షాన చెప్పింది.

ఈ కన్సల్టేషన్ లెటర్లు పేరు లేకుండా "ది ఆక్యుపయర్" అని వస్తాయి, పిజ్జా కరపత్రాలతో కలిసి నేరుగా రీసైక్లింగ్ డబ్బాలోకి పోతాయి. తెరిచి చూడండి. టెనెంట్లు కూడా జవాబు ఇవ్వొచ్చు, ఓనరే అవ్వక్కర్లేదు, సిటిజన్ అవ్వక్కర్లేదు. జోన్ టైమింగ్స్ గురించి ఒక్క లైన్ రాసినా లెక్కలోకి వస్తుంది, అది రోజంతా ఉండాలా ఒక గంట చాలా అన్నది చాలాసార్లు అక్కడే తేలుతుంది. ఆర్డర్ పాసైపోయాక దాన్ని కదపాలంటే ఆరు వారాల్లోపు హైకోర్టుకే వెళ్ళాలి, అంత ఓపిక, అంత డబ్బు ఎవరికీ ఉండదు కాబట్టి ఆ 21 రోజుల్లోనే రాసి పడేయండి.